బండిని ఎన్నాళ్లు ఉంచుకోవాలి?

“కొత్తొక వింత, పాతొక రోత” అన్నారు మన పెద్దలు. “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య” అన్నదీ వాళ్లే. మొదటి సామెత మన బుద్ధి ఎట్లా ఉంటుందో చెబుతుంది. రెండోది ఆ బుద్ధికి సిగ్గుపడమంటుంది. ఈ రెండు సామెతల నడుమ మా ఇల్లు 2024లో ఒక నెల రోజులు నలిగిపోయింది. కారణం ఒక పాత అంబాసిడర్ కారు. కారు గురించి వ్యాసం ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అట్లే అనిపించింది. కానీ ఆ నెల రోజుల్లో నేను నేర్చుకున్నది నీతిపాఠం పుస్తకంలో నేర్చుకున్న దానికంటే ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

మాది ఒట్టపిడారం పక్కన ఒక చిన్న పల్లె. చుట్టూ కరిసలు నేల. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండ కాస్తే నేల నోరు తెరుస్తుంది. మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. 2003లో మా తాత విరుదునగరంలో ఒక పత్తి వ్యాపారి దగ్గర ఈ బండి కొన్నాడు. డీజిల్ బండి, 1999 మార్చిలో రిజిస్టరు అయ్యింది. కొనేనాటికే 78 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. ఆ వ్యాపారి డబ్బు తీసుకునే ముందు బానెట్ ఎత్తి, “రెండో గేరు అప్పుడప్పుడు జారుతుంది, ఊరికి పోయే ముందే బాగు చేయించుకోండి” అని చెప్పి 3 వేలు తగ్గించాడట. ఈ మాట తాత నోట నేను ఎన్నోసార్లు విన్నాను. అప్పుడు దాని విలువ నాకు తెలియలేదు.

నేను పుట్టింది 2007లో. అమ్మకు నడిరాత్రి నొప్పులు వస్తే తూత్తుకుడి ఆస్పత్రికి తీసుకుపోయింది ఈ బండే. తమిళనాడులో 108 ఆంబులెన్సులు మొదలైంది ఆ మరుసటి ఏడాది. నన్నొక్కణ్ణే కాదు, మా వీధిలో ఏడుగురు పిల్లల్ని కడుపులో ఉండగా మోసిన బండి అది. పాము కరిచినవాళ్లు, పెళ్లికొడుకులు, పరీక్షకు ఆలస్యమైన పిల్లలు, అందరూ ఎక్కినారు. డీజిలు పోసినవాళ్లు పోసినారు, పోయనివాళ్లను తాత అడగలేదు. ఒక నోటు పుస్తకంలో తేదీ, మీటరు, డీజిలు, రిపేరు మాత్రం తప్పకుండా రాసేవాడు. 2024 జనవరి నాటికి ఆ పుస్తకంలో చివరి అంకె 3,41,000 దాటింది.

అంబాసిడర్ కథ మన దేశం కథలాంటిదే. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1958 నుంచి దీన్ని పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పాడాలో తయారు చేశారు. మంత్రులు ఎక్కింది అదే, టాక్సీవాళ్లు నడిపింది అదే. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది. సరిగ్గా ఆ ఏడే మా బండికి 15 ఏళ్లు నిండాయి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి బాగుందని చూపించి ఐదేళ్లకు ఒకసారి పొడిగించుకోవాలి. మేము 2014లో ఒకసారి, 2019లో ఒకసారి పొడిగించుకున్నాము. మూడోసారి 2024 మార్చిలో రావాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. దాని మీద గ్రీన్ ట్యాక్సు వేరే.

అప్పుడే ఇంట్లో ప్రశ్న మొదలైంది. ఉంచుకునేదా, తీసేసేదా?

నాయన నన్ను లెక్క వెయ్యమన్నాడు. తాత పుస్తకం చూసి వేశాను. మూడేళ్లలో రిపేర్లకు 92 వేలు, అంటే ఏడాదికి సుమారు 30 వేలు. దీన్ని తీసేసి రెండున్నర లక్షలకు ఒక చిన్న పాత కారు అప్పు మీద కొంటే, నూటికి 12 వడ్డీ వేసినా మొదటి ఏడాది వడ్డీయే 30 వేలు. అసలు కట్టేది వేరే. డబ్బు లెక్క ప్రకారం బండి ఉంచుకోవడమే మేలు. తాత ముఖం వెలిగింది. “చూస్తివా, ముసలిది మనల్ని ముంచలేదు” అన్నాడు.

ఎన్ని కిలోమీటర్లు తిరిగితే బండి ముసలిదైనట్టు? దీనికి ఒక అంకె లేదు. అమెరికాలో న్యూయార్క్ దగ్గర ఇర్వ్ గోర్డన్ అనే స్కూలు టీచరు ఉండేవాడు. 1966లో కొన్న వోల్వో కారును ఆయన 2013 నాటికి 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు నడిపాడు. మా బండి తిరిగిన దానికి పద్నాలుగు రెట్లు! ఆయన చేసిన మాయ ఏమీ లేదు. టైముకు ఆయిలు మార్చాడు, చిన్న చప్పుడు వచ్చినా చూపించాడు. కాబట్టి వయసు చూసి బండిని తీసేయమనడం న్యాయం కాదు. ఢిల్లీలో డీజిలు బళ్లకు 10 ఏళ్లు, పెట్రోలు బళ్లకు 15 ఏళ్లు అని గీత గీశారు. అక్కడి గాలికి ఆ గీత అవసరం కావచ్చు. రోజుకు రెండు బస్సులు వచ్చే పల్లెలో అదే గీత గీస్తే, నొప్పులు పడే అమ్మను ఎవరు తీసుకుపోతారు?

ఇంకొక చిక్కు. మా బండికి 2009లో ఇంజను పూర్తిగా విప్పి పనిచేయించాము. 2016లో పాత ఇనుము కొట్టులో దొరికిన వేరే అంబాసిడర్ తలుపులు రెండు బిగించాము. సీట్లు మారాయి, రేడియేటరు మారింది. గ్రీకు దేశంలో థీసియస్ ఓడ గురించి ఒక పాత ప్రశ్న ఉందని మా సారు చెప్పారు. పాడైన పలకలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే, అన్నీ మారిన తర్వాత అది ఆ ఓడేనా? ఈ ప్రశ్న నేను తాతను అడిగాను. తాత నవ్వి, “నాకు ఉన్న పళ్లు ఎన్నిరా? నేను మీ తాతను కాదా?” అన్నాడు. నాకు జవాబు దొరికింది. మేము ప్రేమించింది ఇనుమును కాదు. అది మాతో గడిపిన రోజుల్ని.

ఇంతవరకు అన్నీ బండి పక్షమే. కానీ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం అంతా తిరగబడింది.

2023 డిసెంబరు 17, 18 తేదీల్లో మా తూత్తుకుడి జిల్లాను ముంచేసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా బండి రెండు రోజులు నీళ్లలో నిలబడింది. తర్వాత ఆరబెట్టి, ఆయిలు మార్చి, నడిపించుకున్నాము. ఫిబ్రవరిలో ఒకరోజు నాయన నన్నూ, ట్యూషను నుంచి వచ్చే ఇద్దరు పక్కింటి పిల్లల్నీ ఎక్కించుకొని పసువందనై రోడ్డులో వస్తున్నాడు. ముందు ఒక అమ్మాయి సైకిలు తొక్కుతూ పోతోంది. నాయన బ్రేకు మీద కాలు పెట్టాడు. పెడలు నేలదాకా దిగిపోయింది. బండి ఆగలేదు.

నాయన గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు పక్కకు తిప్పాడు. బండి రోడ్డు దిగి, మినుములు కోసేసిన చేనులోకి పోయి, కరిసలు మట్టిలో దిగబడి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, మేము ఎందుకో చేనులోకి పోయినామనుకొని తన దారిన తాను పోయింది. తనకు ఏం తప్పిపోయిందో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. నాయన చేతులు చాలాసేపు వణికినాయి.

కోవిల్‌పట్టిలో మెకానిక్ బండి పైకెత్తి మాకు చూపించాడు. బ్రేకు ఆయిలు పోయే సన్న గొట్టం తుప్పు పట్టి పగిలింది. అది మార్చవచ్చు. కానీ తర్వాత చూపించింది వేరే. లారీకి కింద చాసిస్ వేరుగా ఉంటుంది, పైన బాడీ వేరు. అంబాసిడర్‌కు అట్లా వేరే చాసిస్ లేదు, బాడీయే దాని వెన్నెముక. వెనక స్ప్రింగు పట్టీలు బిగించే చోట ఆ బాడీ చిల్లులు పడి, స్క్రూడ్రైవరు గుచ్చితే పొడిగా రాలుతోంది. మా పక్క ఉప్పుగాలి ఇరవై ఏళ్లుగా నెమ్మదిగా చేసిన పని అది, వాననీళ్లు దాన్ని ముగించాయి. వెల్డింగు పెట్టవచ్చా అంటే, “పట్టుకోవడానికి మంచి ఇనుము మిగలాలి కదా అణ్ణాచ్చీ. బండి మీద ఆశ ఉంటే వాకిట్లో పెట్టుకోండి, రోడ్డు మీద పెట్టకండి” అన్నాడు తమిళంలో.

ఆ రాత్రి నాకు ఒక సంగతి అర్థమైంది. నేను వేసిన లెక్కలో ఒక వరుస తప్పిపోయింది. డీజిలు రాశాను, రిపేరు రాశాను, వడ్డీ రాశాను. ఆ సైకిలు అమ్మాయిని రాయలేదు. బండి పాడైతే డబ్బు పోయేది మాకు. బ్రేకు పోతే ప్రాణం పోయేది ఎవరికో. నా చెప్పు తెగితే నేను కుంటుతాను, కాబట్టి ఎన్నాళ్లు తొడగాలో నా ఇష్టం. నా బండి బ్రేకు నా ఒక్కడి సొత్తు కాదు. ఆ రోడ్డు మీద నడిచే ప్రతి ఒక్కరికీ అందులో వాటా ఉంది, వాళ్లను అడగకుండా నేను పందెం కాయకూడదు.

పొగ గురించి కూడా అప్పుడే ఆలోచించాను. దేశమంతా మొదటి దశ పొగ నిబంధనలు వచ్చింది 2000లో. మా బండి అంతకు ముందుది. ఇప్పుడు కొత్త బళ్లకు 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. కొత్త కారు తయారు చెయ్యడానికీ ఇనుము, బొగ్గు, కరెంటు ఖర్చవుతాయి కాబట్టి పాతది వాడడమే భూమికి మంచిది అనే వాదన నేను ఒప్పుకుంటాను. కానీ మా బండి వెనక సైకిలు తొక్కుతూ వచ్చేవాళ్లు ఆ వాదనను పీల్చుకొని బతకలేరు కదా.

తీసేయాలని అందరం ఒప్పుకున్నాము, తాత తప్ప. అయితే అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

ఒక బ్రోకరు వచ్చాడు. 65 వేలు ఇస్తానన్నాడు. పాత ఇనుము లెక్కన తూకం వేస్తే 32 వేలకు మించి రాదు. నడుమ తేడా 33 వేలు. ఆ నెలలోనే మా అక్కకు నర్సింగు కాలేజీలో ఫీజు కట్టాలి. సుమారుగా అంతే డబ్బు. దేవుడే పంపినట్టుంది అని అమ్మ అన్నది. బండి ఎవరికి అని నాయన అడిగితే, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పల్లెల నుంచి ఆడవాళ్లను తోలుకొచ్చే ఒకాయనకు అని బ్రోకరు చెప్పాడు.

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. బ్రోకరు మళ్లీ వస్తానన్న రోజు పొద్దున బండిని కడిగింది నేనే. వెనక సీటు కింద తుప్పుతో చిల్లు పడిన చోట కొత్త రబ్బరు మ్యాటు కొని పరిచింది కూడా నేనే. ఎవరూ చెప్పలేదు. అడిగితే చెబుదాము, అడగకపోతే మనమెందుకు చెప్పాలి అనుకున్నాను. అది అబద్ధం కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బ్రోకరు చుట్టూ తిరిగి చూశాడు. ఇంజను స్టార్టు చేసి విన్నాడు. జేబులో నుంచి డబ్బు తీశాడు. అంతవరకు అరుగు మీద మాట్లాడకుండా కూర్చున్న తాత లేచి వచ్చాడు. తలుపు తీసి, వంగి, నేను పరిచిన మ్యాటును ఎత్తి పక్కన పెట్టాడు. చిల్లులో నుంచి కింద నేల కనిపించింది. “ఇది చూసి ఇవ్వయ్యా డబ్బు. బ్రేకు కూడా పోయిన నెల పోయింది” అన్నాడు.

బ్రోకరు నవ్వాడు. “అది నాకు తెలుసు పెద్దాయనా, పుట్టీ పెట్టి పెయింటు కొడితే కనపడదు” అన్నాడు.

“నువ్వు నన్ను మోసం చెయ్యలేదు, నేను నిన్ను చెయ్యలేదు. ఎక్కేవాళ్ల సంగతేమి?” అని తాత అడిగాడు. బ్రోకరు జవాబు చెప్పలేదు. తాత నాయన వైపు తిరిగి అన్నాడు: “మనకు బానెట్ ఎత్తి చూపించి ఇచ్చినారు. మనము మ్యాటు కప్పి ఇచ్చేదా?”

బండిని వదలనన్నది తాత ఒక్కడే. అమ్మనివ్వనిది కూడా తాతే. మొదట నాకు ఇది వింతగా ఉండింది. ఇప్పుడు ఆలోచిస్తే రెండూ ఒకే గుణం అనిపిస్తోంది. బండి మంచిపేరు తాతకు కావాలి. ఇరవై ఏళ్లు ఊరిని కాపాడిన బండి చివరికి ఎవరినో చంపకూడదు.

మా స్కూల్లో ఒకసారి ఒట్టపిడారంలో వ.ఉ. చిదంబరం పిళ్లై గారి స్మారక గృహానికి తీసుకుపోయారు. ఆయన 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి, బ్రిటిషు కంపెనీకి పోటీగా తూత్తుకుడి నుంచి కొలంబోకు ఓడలు నడిపారు. 1908లో ఆయన్ని జైల్లో వేశారు. 1911లో కంపెనీ మూతపడింది, ఓడలు వేలంలో పోటీదారుల చేతికే పోయాయి. అప్పుడు నేను ఈ సంగతి పరీక్షకోసం రాసుకున్నాను. మా వాకిట్లో బ్రోకరు నిలబడిన రోజు మళ్లీ గుర్తొచ్చింది. ఓడ ఎవరిని ఎదిరించడానికి కొన్నారో వాళ్ల చేతికే పోతే, వచ్చిన డబ్బు ఎంతైతేనేమి? వస్తువును ఎన్నాళ్లు ఉంచుకున్నామన్నది సగం ప్రశ్నే. మన చేతి నుంచి అది ఎక్కడికి పోతుంది, అక్కడ ఏం చేస్తుంది అన్నది మిగతా సగం. ఓడల కంపెనీకి ఆ సగం తన చేతుల్లో లేకుండా పోయింది. మాకు మా చేతుల్లోనే ఉండింది.

మార్చిలో బండిని తుక్కుకు ఇచ్చేశాము. రిజిస్ట్రేషన్ రద్దు చేయించాము. వచ్చింది 31,500 రూపాయలు. అక్క ఫీజుకు అమ్మ తన చీటీ పాట ముందుగా పాడి, నష్టానికి ఎత్తుకొచ్చింది. ఆ నష్టం ఇప్పటికీ నెలనెలా కడుతున్నాము. మంచిపని చేస్తే డబ్బు ఎక్కడి నుంచో వస్తుందని కథల్లో చదివాను. మాకు ఎక్కడి నుంచీ రాలేదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. మొన్న ఒక రాత్రి ఎదురింటి పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. అలవాటుగా మా వాకిట్లోకే పరుగెత్తుకొచ్చారు. వాకిలి ఖాళీ. 108కు ఫోను చేశాము. బండి వచ్చేసరికి 40 నిమిషాలు పట్టింది. ఆ 40 నిమిషాలు తాత వీధి చివరికి పోయి వచ్చి, పోయి వచ్చి, కూర్చోలేకపోయాడు. ఆయన బతికాడు కాబట్టి నేను ఈ వ్యాసం ఇంత ధైర్యంగా రాస్తున్నాను. లేకపోతే మేము చేసింది సరే అని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదేమో. పాత బండిని ఉంచుకోవడంలో ప్రమాదం ఉంది, తీసేయడంలోనూ ఉంది. ఒకటి మాత్రం తేడా. మా బండి వెన్నెముక విరిగిందని మాకు తెలుసు. తెలిసిన తర్వాత ఆయన్ని అందులో ఎక్కించి ఉంటే, అది సహాయం అయ్యేది కాదు.

మిత్రులారా, మీ ఇళ్లల్లో కూడా పాత బండి ఒకటి ఉంటుంది. కారు కాకపోతే మోపెడ్, మోపెడ్ కాకపోతే ట్రాక్టరు. పాతదని రోత పడకండి. బాగా చూసుకుంటే అది చాలాకాలం నడుస్తుంది, నడవాలి కూడా. లెక్క వెయ్యండి. కానీ ఆ లెక్కలో మూడు ప్రశ్నలు రాయండి. దీన్ని బాగుగా ఉంచడానికి నాకు చేతనవుతుందా? ఇది పాడైతే దెబ్బ తగిలేది నాకా, దారిన పోయేవాళ్లకా? నేను వదిలేస్తే ఇది ఎవరి చేతికి పోతుంది, వాళ్లకు నిజం తెలుసా?

తాత నోటు పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. చివరి పేజీలో తేదీ, మీటరు అంకె 3,41,862 రాసి, రిపేరు అనే చోట “ఏమీ లేదు” అని రాశాడు. ఆ మ్యాటు కూడా మా ఇంట్లోనే ఉంది. గుమ్మం ముందు వేశాము. స్కూలుకు బయలుదేరేటప్పుడు రోజూ దాని మీదే కాలు తుడుచుకొని వస్తాను.